సవర కొండల్లో సేవకు వెళ్ళేవారు మొదటి ఏడాది ఎలా గడపాలి

కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగి, వేదాంత కళాశాలలో చదువు ముగించుకుని, సంఘం పంపగా పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాలకు బయలుదేరే సువార్త సేవకుడు చేసే మొదటి పొరపాటు బస్సులోనే మొదలవుతుంది. 'అక్కడ అందరికీ తెలుగు వచ్చునట, కాబట్టి భాషకు ఇబ్బంది లేదు' అని ఎవరో చెప్పిన మాటను అతడు నమ్ముతాడు. ఆ మాట అబద్ధం కాదు. సంతకు దిగివచ్చే సవర గిరిజనులు, బడికి వెళ్ళిన యువకులు, కొండవాలు ఊళ్ళలో జాతాపులనే మరో గిరిజన తెగ పక్కన బతికేవారు తెలుగు చక్కగానే మాట్లాడతారు. అయితే ఆ తెలుగు వారు షావుకారుతో, అటవీశాఖ గార్డుతో, కచేరీలో గుమాస్తాతో మాట్లాడే తెలుగు. మీరు తెలుగులో నోరు తెరిచిన క్షణాన మీకు తెలియకుండానే ఆ వరుసలో నాలుగోవారిగా కూర్చుంటారు. బిడ్డను లాలించడం, చనిపోయినవారి కోసం ఏడవడం, ఇంట్లో తగవు పడడం, పొయ్యి పక్కన నవ్వుకోవడం అన్నీ వారి సొంత భాష సవరలోనే జరుగుతాయి. మీరు వెళ్ళిన పని ఆ పొయ్యి పక్కదే అయినప్పుడు, సవర నేర్చుకోవడాన్ని ప్రసంగాల మధ్య దొరికే తీరికకు వదిలేయకూడదు. మొదటి ఏడాది మీ ఉద్యోగమే అది అనుకోవాలి.

ఈ పని మనవాడొకడు చేసి చూపించాడు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్న గిడుగు వెంకట రామమూర్తి, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఏళ్ళ తరబడి ఆ భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది, ఆ జ్వరానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం గానీ, ఆ రోజు సవర మాట ఒక్కటైనా తలచుకునేవారు నాకు ఎక్కువగా కనబడలేదు.

బయలుదేరే ముందు

సామాను తక్కువగా పట్టుకెళ్ళండి. దోమతెర, చీకట్లో నడవడానికి మంచి టార్చి, జారని చెప్పులు, నీళ్ళు కాచుకునే గిన్నె ముఖ్యం. మైకుసెట్టు, కుర్చీలు, పెద్ద బ్యానరు ఈ ఏడాదికి అక్కరలేదు. జ్వరం వస్తే 'ప్రయాణపు అలసటే' అని పడుకోకుండా ఆ రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. ఈ ఏజెన్సీలో మెదడుకు ఎక్కే రకం మలేరియా ఉంది. మీ సంచిలోని మాత్రలు ఊరివాళ్ళకు పంచి వైద్యుడి అవతారం ఎత్తకండి.

ఉండడానికి ఇల్లు అద్దెకు తీసుకోండి, స్థలం కొనే ఆలోచన పెట్టుకోవద్దు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కావడాన్ని 1/70 చట్టం నిషేధిస్తుంది. స్థానికుడి పేరు మీద కొని ప్రార్థన మందిరం కట్టుకుందామని కొందరు సలహా ఇస్తారు. అది చట్టాన్ని దొడ్డిదారిన దాటడమే. పైగా అప్పుల పేరిట భూములు పోగొట్టుకున్న జ్ఞాపకం ఈ కొండల్లో ఇంకా పచ్చిగానే ఉంది. 1960ల చివర ఇక్కడ రగిలిన గిరిజన పోరాటానికి భూమీ వడ్డీలే మూలమని గుర్తుంచుకుంటే, కొత్తగా వచ్చినవాడు టేపు పట్టుకుని స్థలం కొలవడాన్ని ఊరు ఎలా చూస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఊళ్ళోకి వెళ్ళాక ముందు ఊరిపెద్దను కలిసి, ఎవరో, ఎందుకు వచ్చారో దాపరికం లేకుండా చెప్పండి. 'సర్వే చేయడానికి వచ్చాం', 'ట్యూషను చెప్పడానికి వచ్చాం' అని మొదలుపెట్టి తరువాత బైబిలు బయటకు తీసేవారి వల్ల వెనుక వచ్చేవారందరికీ చెడ్డపేరు వస్తుంది. తమ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తుంది కాబట్టి దాచుకోవలసిన అవసరమూ లేదు. ఇంకొక సంగతి: ఇక్కడి కుటుంబాలకు గట్టు అవతల ఒడిశా ఊళ్ళలోనూ చుట్టాలు ఉంటారు, మిమ్మల్ని పెళ్ళికో పండుగకో పిలుస్తారు. అక్కడ 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం అమలులో ఉంది. మత మార్పిడికి సంబంధించిన విధివిధానాలు వేరు. తెలుసుకోకుండా అవతల కూడికలు పెట్టవద్దు.

తెలుగు కూడా మళ్ళీ నేర్చుకోవాలి

సవరలు మీతో మాట్లాడే తెలుగు ఉత్తరాంధ్ర తెలుగు. 'ఏటి' అంటే ఏమిటి అని, రాగులను 'చోళ్ళు' అంటారని మొదటి వారంలో తెలిసిపోతుంది. 'మా గుంటకి జొరం' అని ఒక తల్లి చెప్పినప్పుడు చెరువుగుంట గురించి అనుకుని బిత్తరపోయిన గోదావరి జిల్లా సేవకుణ్ణి నేనే. గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. మీ పుస్తకపు తెలుగును కొంచెం పక్కనపెట్టి ఈ తెలుగును గౌరవంగా వినండి. దీన్ని వెక్కిరించేవాడి దగ్గర సవర మాట్లాడడానికి ఎవరు ముందుకు వస్తారు?

సవరను ఎలా పట్టుకోవాలి

కోయ, గోండి, కువి భాషలు తెలుగులాగే ద్రావిడ భాషలు కనుక అక్కడికి వెళ్ళేవారికి అక్కడక్కడా తెలిసిన మాట చేతికి తగులుతుంది. సవర అలా కాదు. అది ముండా భాష, సంతాలీకీ ముండారీకీ చుట్టం. కాబట్టి 'మన మాటకు దగ్గరగా ఉందే' అని అనిపించినచోటల్లా అనుమానించండి. చాలాసార్లు అది తెలుగునుంచో ఒడియానుంచో అరువు వెళ్ళిన మాటే అయి ఉంటుంది.

ముందు చెవి సిద్ధం కావాలి. సవరలో మాట మధ్యన గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే ధ్వని ఒకటుంది. నీళ్ళకు వారు చెప్పే మాట మన చెవికి 'డా' అన్నట్టే వినిపిస్తుంది. నిజానికి అక్కడ 'డ'కూ 'అ'కూ నడుమ గొంతు టక్కున ఆగుతుంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. నేను నా నోటుపుస్తకంలో ఆ చోట చిన్న సున్నా మీద అడ్డగీత పెట్టుకునేవాణ్ణి. మీరు ఏ గుర్తయినా పెట్టుకోండి గానీ ఏదో ఒకటి పెట్టుకోండి, లేకపోతే ఆరు నెలల తరువాత మీ రాత మీకే అబద్ధం చెబుతుంది.

తరువాత వాక్యం. తెలుగులో పులి వేరు, పట్టుకోవడం వేరు. సవరలో పులి 'కినా'. పులి పట్టుకుంటుందని చెప్పేటప్పుడు ఆ మాట 'కిద్' అని కుదించుకుని క్రియ లోపలికే దూరిపోతుంది, ఎవరిని పట్టుకుంటుందో కూడా ఆ క్రియ చివరనే అతుక్కుంటుంది. అందుకే విడి మాటల జాబితా రాసుకుని బట్టీపట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వాక్యాలను వాక్యాలుగానే వినాలి, రాసుకోవాలి, తిరిగి అనాలి.

అంకెలు మాత్రం మొదటి నెలలోనే నేర్చుకోండి, సంతలో రోజూ పని పడతాయి. నాకు అవి నేర్పింది మా అరుగు ఎదురింటి ముసలామె. కందులు చెరుగుతూ గింజలను ఒక్కొక్కటిగా నా వైపు తోసేది: అబోయ్, బాగు, యాగి, ఉంజి... పదికి 'గెల్‌జి', పదకొండుకు 'గెల్‌ముయ్', పన్నెండుకు 'మిగెల్' అన్నాక, పదమూడో గింజను తోసి 'మిగెల్‌బోయ్' అంది. పన్నెండూ ఒకటీ అన్నమాట. నేను వేళ్ళ మీద పది దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెడుతుంటే ఆమె నా చేయి పట్టుకుని దించేసింది. లెక్క పన్నెండు దాకా వెళ్ళి దాని మీద ఒకట్లు చేర్చుకుంటూ పందొమ్మిదికి చేరుతుంది, ఇరవైకి మళ్ళీ వేరే మాట వస్తుంది. ముప్పైమూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలపాలి. కొండచీపుళ్ళ కట్టలు లెక్కపెట్టే చోట పది రోజులు కూర్చుంటే ఇది నోటికి వచ్చేస్తుంది.

నేర్పేవారిని ఎంచుకోవడంలో తొందరపడకండి. తెలుగు బాగా వచ్చిన చురుకైన కుర్రవాడు మీకు సవర నేర్పడు, తన తెలుగును మీ మీద సానపెట్టుకుంటాడు. తెలుగు తక్కువగా వచ్చిన పెద్దవారిని అడగండి, వారి సమయానికి కూలి లెక్కన డబ్బు ఇవ్వండి, వారి గొంతు ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. 'దీన్ని ఇలా అంటారు కదా?' అని అడగవద్దు. అతిథిని కాదనడం మర్యాద కాదు కనుక అందరూ ఔననే అంటారు. అలా ఔననిపించుకున్న తప్పులతో నా మొదటి పుస్తకం సగం నిండింది. 'దీన్ని ఏమంటారు?' అని అడిగి, అదే ప్రశ్నను మరునాడు మరొకరిని అడగండి.

లిపి విషయంలో నిదానం అవసరం. మన రాష్ట్రంలో సవర పిల్లల పాఠ్యపుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒడిశా వైపు క్రైస్తవులు రోమన్ లిపిలో రాసుకుంటారు. 1936లో మంగే గొమాంగో రూపొందించిన సోరాంగ్ సోంపెంగ్ లిపి మరొక భక్తి సంప్రదాయంతో ముడిపడి ఉంది. మీరు ఏ లిపిలో కాగితం పంచుతారన్నదాన్ని బట్టి మీరు ఎవరి పక్షమో అవతలివారు నిర్ణయించుకుంటారు.

తిండి, కల్లు, పండుగ

చోడంబలి ఇస్తే తాగండి. జీలుగు కల్లు ఇస్తే, మీ సంఘ నియమం వద్దంటే, ఉపన్యాసం ఇవ్వకుండా చేతులు జోడించి వద్దని, లేచిపోకుండా అక్కడే కూర్చోండి. కూర్చోవడం ముఖ్యం. కొత్త పంటకు పండుగ చేయకుండా ఆ పంట తినరు. కందికొత్తలు జరగకముందు ఎవరి చేనిలోనూ పచ్చికంది కాయ తెంపి నోట్లో వేసుకోకండి. పండుగ చందా ఇవ్వాలా వద్దా అన్నది విశ్వాసులైన కుటుంబాలకూ మిగిలిన ఊరికీ మధ్య తరచు తగవు తెచ్చే ప్రశ్న. దానికి తీర్పరిగా మీరు మొదటి ఏడాదిలో కూర్చోవద్దు. పూజా భాగం, విందు భాగం వారే వేరుచేసుకుని మాట్లాడుకునే వీలుంది, మాట్లాడుకోనివ్వండి.

ఒక్క మాట విషయంలో జాగ్రత్త

బోధించే వేళ వచ్చేసరికి మీకు 'సోనుమ్' అనే మాట ఎదురవుతుంది. దాన్ని 'దయ్యం' అని రాసిపడేయడం సులువు, చాలామంది చేసిందీ అదే. అయితే సవరల వాడుకలో చనిపోయిన తల్లీ తండ్రీ తాతలూ సోనుమ్‌లే. పూర్వం పూనకంలో కూర్చున్న స్త్రీ నోట వారితో గంటల తరబడి మాట్లాడి, కోపతాపాలు తీర్చుకునేవారు. 'సోనుమ్ అంటే సాతాను పని' అని మీరు నిండుసభలో అంటే, నిరుడు తల్లిని పోగొట్టుకున్నవాడికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ఆ మాటతో వారు ఎవరెవరిని పిలుస్తారో, ఎప్పుడు భయంతో, ఎప్పుడు బెంగతో పలుకుతారో ఏడాదంతా వినండి. ఆ తరువాతే దాన్ని ప్రసంగంలో వాడాలా వద్దా అన్నది తేల్చుకోండి. పాపం, కృప, రక్షణ వంటి మన సంఘపు సంస్కృత పదాలను అలాగే దింపేయడం కూడా పరిష్కారం కాదు. వాటిని తల ఊపుతూ విని, బయటకు వచ్చాక అవి ఏమిటని పక్కవారిని అడిగేవారిని నేను చూశాను.

సవరలో మొదటిసారి నలుగురి ముందు నిలబడే ముందు, చెప్పదలచుకున్నది చిన్న కథగా కుదించి, తెలుగు అంతగా రాని ఒక పెద్దావిడకు ఆమె అరుగు మీద చెప్పండి. అర్థమైందా అని అడగకండి. ఆమె మనవరాలిని పిలిచి, ఇప్పుడు విన్నది ఆ పిల్లకు చెప్పమనండి. ఆమె చెప్పినదాన్ని రాసుకోండి. మీరు చెప్పింది అదే. అందులో తప్పిపోయిన కుమారుడు అడవిలో పులివాత పడ్డాడని వస్తే, ఆదివారం ప్రసంగాన్ని మరో నెల వాయిదా వేయండి.