రింజాని ఎక్కబోతున్నారా? అలసినవాణ్ని ఒంటరిగా కూర్చోబెట్టి పోకండి

హన్మకొండలో మా వీధి పిల్లలు ఐదుగురు ఇండోనేషియాలోని బాలి దీవికి టికెట్లు తీసుకున్నారు. అక్కడి నుంచి పక్కనున్న లొంబోక్ దీవి, అందులో రింజాని అగ్నిపర్వతం, శిఖరం మీద సూర్యోదయం. ఇదీ ప్లాన్. నిన్న రాత్రి వాళ్లలో ఒకడు ఫోన్ చేసి "అన్నా, షూస్ ఏవి కొనాలె" అని అడిగాడు. షూస్ గురించి రెండు నిమిషాలు, ఇంకో సంగతి గురించి గంట మాట్లాడాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నా.

2025 జూన్‌లో అదే కొండ మీద 26 ఏళ్ల బ్రెజిల్ అమ్మాయి చనిపోయింది. ఆ వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగాయి, చూసినవాళ్లంతా "అయ్యో, కాలు జారింది" అనుకున్నారు. కాలు జారడం ఆఖర్న జరిగింది. అంతకుముందు ఆమె అలసిపోయి ఆగింది, గుంపు ముందుకు పోయింది. గైడు ఎంత దూరం పోయాడు, ఎంతసేపు పోయాడు అనే దాని మీద రకరకాల మాటలున్నాయి గానీ, తెల్లారకముందు ఆ అంచు మీద ఆమె ఒక్కతే ఉంది. పడ్డాక కూడా కదులుతూ డ్రోన్‌లో కనిపించింది. పొగమంచు, కాలు నిలవని మన్ను. రెస్క్యూ వాళ్లు దగ్గరికి చేరేసరికి నాలుగో రోజు, అప్పటికి ప్రాణం లేదు.

"నువ్వు ఇక్కడే కూర్చో, మేం పోయొస్తం." కొండ మీద ఈ మాట ఎవరితోనూ అనకండి. ఎవరైనా మీతో అంటే ఒప్పుకోకండి.

నేను అన్నాను. కొన్నేళ్ల కింద, ఇదే రింజాని మీద, తెల్లవారుజామున మూడింటికి. మాలో ఒకడు "నా వల్ల కాదురా" అని కూలబడ్డాడు. పార్లే-జి ప్యాకెట్ ఒకటి, నీళ్ల బాటిల్ ఒకటి చేతికిచ్చి, అదే మాట చెప్పి మేం నలుగురం ఎక్కేశాం. మూడున్నర గంటల తర్వాత దిగి వస్తే అక్కడ బిస్కెట్ ప్యాకెట్ ఉంది, మనిషి లేడు. నలభై నిమిషాలు పేరు పెట్టి అరుస్తూ వెతికాం. కాస్త కిందికి, బిలం వైపు, అంటే అగ్నిపర్వతం నోటి వైపు, ఒక బండ చాటున ముడుచుకుని కనిపించాడు. గాలి తట్టుకోలేక చీకట్లో చాటు వెతుక్కుంటూ పోయాడట. ఆ బండ దాటి రెండడుగులు వేస్తే కింద ఇక ఏమీ లేదు. జాకెట్ జిప్ పైకి లాక్కోవడానికి కూడా వేళ్లు వంగట్లేదు, మేమే లాగాం. మనిషి దక్కాడు. కానీ మళ్లీ మాతో ఎక్కడికీ రాలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్కటే అడిగింది, "వానితోని ఎవలున్నరు బిడ్డా?" అని. ఏం చెప్పాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

కూర్చోమన్నవాడు కూర్చున్నచోటే ఎందుకు ఉండడో చెప్తాను. నడిచినంతసేపు ఒళ్లు వేడిగా ఉంటుంది, బట్టలు చెమటకి తడుస్తాయి. ఆగిన పది నిమిషాల్లో ఆ తడి చల్లబడుతుంది, పైనుంచి గాలి. ముందు వణుకు, తర్వాత మాట తడబడటం, ఆ తర్వాత బుర్ర సరిగ్గా పని చేయదు. ఆ స్థితిలో మనిషి లేచి నడుస్తాడు, ఎటు నడుస్తున్నాడో తెలియకుండా నడుస్తాడు. వాడి మొండితనం అనుకోకండి, చలి చేయించే పని అది.

కొండ ఎలాంటిదంటే

ఎత్తు 3726 మీటర్లు. చాలామంది సెంబలున్ ఊరి వైపు నుంచి ఎక్కుతారు, మొదటి రోజు సాయంత్రానికి 2639 మీటర్ల దగ్గరున్న బిలం అంచు మీద టెంట్లు వేస్తారు. అర్ధరాత్రి దాటాక లేచి శిఖరానికి బయల్దేరతారు. అంటే చీకట్లో, సగం నిద్రలో, దాదాపు 1087 మీటర్లు నిలువుగా ఎక్కాలి. భువనగిరి గుట్ట సుమారు 500 అడుగులు, అలాంటివి ఏడు ఒకదాని మీద ఒకటి పెట్టుకోండి. చివరి భాగం అంతా బూడిద, గులకరాళ్లు, కంకర కుప్ప ఎక్కినట్టే. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారతారు. ఎక్కువమంది కూలబడేది అక్కడే, "నువ్వు ఇక్కడే కూర్చో" అనే మాట వచ్చేదీ అక్కడే.

మన వరంగల్ ఉన్నది దాదాపు 300 మీటర్ల ఎత్తులో. 2500 దాటితే ఎవరికైనా తలనొప్పి, వికారం రావచ్చు, జిమ్‌కి పోయే కుర్రాళ్లకి కూడా. తలనొప్పితో పాటు వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే అక్కడితో ఎక్కడం ఆపి దిగాలి, తోడుగా ఒకరు దిగాలి. పొద్దున్నకి తగ్గుతుందిలే అని పడుకోబెట్టొద్దు. ఇక చలి సంగతి. మే నెల ఎండలు చూసిన ఒళ్లు మనది, అక్కడ అంచు మీద రాత్రి 5 డిగ్రీల దాకా పడుతుంది, పైన గాలి వేరే. ప్రాక్టీసుకి పద్మాక్షి గుట్ట ఒకసారి ఎక్కి ఫొటో పెడితే సరిపోదు. బ్యాగులో ఏడెనిమిది కిలోల బరువేసుకుని, రెండు నెలలు, వారానికి మూడు రోజులు, ఆగకుండా ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, మోకాళ్లు పోయేది దిగేటప్పుడే.

జనవరి నుంచి మార్చి దాకా వానలకి దారి మూసేస్తారు. ఏప్రిల్‌లో తెరిచినా మొదటి వారాల్లో తడి ఉంటుంది, నన్నడిగితే జూన్ తర్వాతే పొమ్మంటాను. ప్రమాదం తర్వాత రూల్స్ కఠినం చేశారు, బయల్దేరే ముందు పార్కు వాళ్ల తాజా నిబంధనలు చూసుకోండి.

కోతులు, ఇంకా నిప్పు

టెంట్ల దగ్గర పొడుగు తోక కోతులు తిరుగుతుంటాయి. మన భద్రకాళి గుడి దగ్గర కోతులకి అరటిపండు పెట్టిన అలవాటు అక్కడ చూపించకండి. తిండి టెంట్‌లో ఉంచితే జిప్ చింపి లోపలికొస్తాయి. పళ్లు చూపిస్తూ నవ్వితే బెదిరింపు అనుకుంటాయి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ట్రెక్ ఆపేసి, దిగి, రేబిస్ టీకా వేయించుకోవాలి. కొండకి ఇంకో వైపు ఊరు సెనారు, అటు అడవిలో నల్ల లంగూర్లు కనిపిస్తాయి, చూస్తూ నిలబడాలనిపించేంత బాగుంటాయి. దూరం నుంచే చూడండి.

రింజాని బిలం లోపల సెగర అనక్ సరస్సు, దాని ఒడ్డున బరుజారి అనే శంకువు ఆకారపు చిన్న కొండ ఉన్నాయి. అది 2016లో పేలింది. పర్మిట్ ఇచ్చారు కాబట్టి ప్రమాదం లేదని లెక్కేసుకోకండి. సుమత్రాలో మరాపి కొండ 2023 డిసెంబర్ 3న పేలినప్పుడు 24 మంది చనిపోయారు. అప్పటికే అది నాలుగు స్థాయిల్లో రెండో స్థాయి హెచ్చరికలో ఉంది, బిలానికి మూడు కిలోమీటర్ల లోపలికి పోవద్దని చెప్పి ఉన్నారు. అయినా జనం పైనే ఉన్నారు. అగ్నిపర్వతాల హెచ్చరికలు చూపించే మాగ్మా ఇండోనేషియా యాప్‌లో రింజాని స్థాయి చూసుకోండి, ఎక్కే రోజు పొద్దున కూడా చూడండి.

ఇక వరసగా చెప్తున్నా, ఐదుగురూ చదవండి.

ఐదుగురికి ఒక్క గైడు చాలడు. ఇద్దరు కావాలి. డబ్బులు ఎక్కువైతే బాలిలో ఒక రోజు తగ్గించుకోండి.
ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ చివర నడవాలి. ఈ మాట ముందే ఒప్పించుకోండి, పైకి పోయాక వినరు.
అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ని ముందు పెట్టండి.
ఇన్సూరెన్స్ కాగితంలో ఎత్తు పరిమితి చదవండి. 3000 మీటర్లు దాటితే వర్తించదని ఉంటే అది మీకు పనికిరాదు.
హెడ్ లాంప్ ఒకటి, బ్యాటరీలు రెండు సెట్లు. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు.
ఎండు బనియను ఒకటి కవర్లో చుట్టి పెట్టుకోండి, ఆగగానే మార్చుకోండి.
జీన్స్ వద్దు.
మద్యం వద్దు, ముందు రోజు రాత్రి కూడా.
అంచు మీద సెల్ఫీ వద్దు. 2024 ఏప్రిల్‌లో జావాలోని ఈజెన్ బిలం దగ్గర ఒకామె ఫొటో దిగుతూ పడి చనిపోయింది.
ఆస్తమా ఉన్నవాడు ఇన్హేలర్ లోపలి జేబులో పెట్టుకో. బ్యాగులో కాదు, జేబులో.
ఏ రోజు ఎక్కడ ఉంటారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. 2018 జూలై 29న 6.4 భూకంపానికి కొండచరియలు విరిగిపడి వందల మంది ఆ కొండ మీద ఇరుక్కున్నారు. ఎవరు ఎక్కడున్నారో కింద ఉన్నవాళ్లకి తెలియాలి.
దారి తప్పితే కదలకండి, కలిసి ఉండండి. 2023 జూలైలో మన ములుగు జిల్లా ముత్యాలధార దగ్గర వాగు పొంగి సుమారు 80 మంది అడవిలో చిక్కుకుంటే, వాగు దాటకుండా కలిసి ఆగారు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వచ్చి తీసుకొచ్చారు.
ఆరున్నరకి శిఖరం అందకపోతే ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగండి.
"పైసలు పెట్టినం గదా" అనే మాట అక్కడ ఎవరూ ఎత్తొద్దు.
ఒకడు కూర్చుంటే పక్కన ఇంకొకడు కూర్చోవాలి. పది నిమిషాల్లో లేవలేకపోతే వాడితో పాటు ఆ పక్కవాడూ, ఒక గైడూ దిగాలి. ఆ పక్కవాడు ఎవరన్నది కొండ మీద వాదించుకోవద్దు, హన్మకొండలో చీటీలు వేసుకుని తేల్చుకోండి. పేరు వచ్చినవాడు వాళ్లమ్మకి ఫోన్ చేసి, ఆ మాట తన నోటితో చెప్పాకే బ్యాగు సర్దండి.