నిర్మాణ వ్యాపారానికి ఆన్‌లైన్ పరిచయాలు: ఎవరితో, ఎలా

రంగులేసి పూర్తయిన భవనం ఫోటో చూస్తే ఇంటి యజమానికి నచ్చుతుంది. ఆర్కిటెక్టుకు, స్ట్రక్చరల్ ఇంజినీరుకు, పెద్ద కాంట్రాక్టు కంపెనీలోని ప్రాజెక్టు మేనేజరుకు మాత్రం దానివల్ల తెలిసేది తక్కువ. ప్లాస్టరింగ్ అయ్యాక అసలు పనితనం గోడలోనే ఉండిపోతుంది. మళ్లీ మళ్లీ పని ఇవ్వగలిగేది వీళ్లే కాబట్టి ఆన్‌లైన్‌లో మీరు చూపించేదంతా వీళ్ల కంటికి ఆనాలి.

ముందు ఒక జాబితా రాయండి. ముప్పై నలభై పేర్లు చాలు. మీ పని ఏదో దాన్నిబట్టి పేర్లు మారతాయి. స్లాబులు, కాలమ్‌లు చేసేవాళ్లకు స్ట్రక్చరల్ ఇంజినీర్లు ముఖ్యం. ఇంటీరియర్ వాళ్లకు ఆర్కిటెక్టులు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకు పాత భవనాల నిర్వహణ చూసే మేనేజర్లు. సబ్‌కాంట్రాక్టర్లు ప్రధాన కాంట్రాక్టరు దగ్గరి క్వాంటిటీ సర్వేయరును (పని కొలతలు, ఖర్చు లెక్కలు చూసే మనిషిని), కొనుగోళ్ల విభాగాన్ని వదలకూడదు. చాలామంది మరిచిపోయేది సరఫరాదారులను. రెడీమిక్స్ (కలిపి తెచ్చే కాంక్రీటు), ఇనుము అమ్మే కంపెనీల, సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే కంపెనీల సేల్స్ మనుషులకు ఏ సైటు ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ పని ఆగిపోయిందో అందరికంటే ముందు తెలుస్తుంది.

వృత్తి పరిచయాల సైటు లింక్డ్‌ఇన్‌లో పరిచయం కోరే అభ్యర్థన వ్యక్తి ఖాతా నుంచే వెళ్తుంది, కంపెనీ పేజీ నుంచి పంపలేరు. కాబట్టి రెండూ ఉండాలి, ముందు సరిచేయాల్సింది వ్యక్తి ఖాతాను. పేరు కింద వచ్చే వరుసకు 220 అక్షరాల చోటుంది. అందులో ‘మేనేజింగ్ డైరెక్టర్’ అని రాసి ఊరుకుంటే మీరేం చేస్తారో ఎవరికీ తెలియదు. ఏ పని, ఎలాంటి భవనాలు, ఎంత పరిమాణం వరకు, ఏ ప్రాంతంలో అన్నవి రాయండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రధాన విభాగం ఒక్కటే ఎంచుకోవాలి. పైకప్పుల పని మాత్రమే చేస్తూ ‘నిర్మాణ సంస్థ’ అని పెడితే వచ్చే ఫోన్లలో సగం మీకు పనికిరానివే. కంపెనీ పేరు, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

ఇక ఫోటోలు. ఒక్కో ప్రాజెక్టుకు ఐదారు చాలు, కానీ అవి కప్పిపోయే పనివి కావాలి. కాంక్రీటు పోయకముందు చువ్వల మీద టేపు పెట్టి వాటి మధ్య ఎడం చూపించే ఫోటో, కవర్ బ్లాకులు (చువ్వ అచ్చుకు ఆనకుండా పెట్టే చిన్న దిమ్మలు) కనిపించే ఫోటో, పైపుల కోసం వదిలిన స్లీవులు, స్లంప్ కోన్ పరీక్ష (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసేది), క్యూరింగ్ (కాంక్రీటును తడిపి ఉంచడం), వాటర్‌ప్రూఫింగ్ అయితే నీళ్లు నిలిపి చూసిన పరీక్ష. కింద రెండు వరుసలు రాయండి: స్లాబు మందం, విస్తీర్ణం, కాంక్రీటు గ్రేడు (బలం స్థాయి), ఎన్ని రోజుల్లో అయింది, ఎక్కడ చిక్కొచ్చింది, ఎలా విప్పారు. ఆ చిక్కు గురించిన వాక్యమే ఇంజినీరు రెండోసారి చదివేది.

పెట్టేముందు ప్రతి ఫోటోనూ పెద్దది చేసి మూలమూలలా చూడండి. కవర్ బ్లాకు లేకుండా షట్టరింగ్‌కు (కాంక్రీటు పోసే అచ్చుకు) ఆనుకున్న చువ్వ, హెల్మెట్ లేని కూలీ, ఎత్తులో బెల్టు కట్టుకోని మేస్త్రి, గోడకు అంటించిన డ్రాయింగు మీద యజమాని పేరు — ఇవి మీ కంటికి అలవాటైపోయి ఉంటాయి, చూసేవాళ్లకు మొదట అవే కనిపిస్తాయి. ఫోటోలు వాడుకునే అనుమతిని ఒప్పందంలోనే ఒక షరతుగా రాయించుకోండి. పని అయ్యాక అడిగితే తుది బిల్లు గొడవల్లో అది కొట్టుకుపోతుంది.

లింక్డ్‌ఇన్ అభ్యర్థనతో పంపే సందేశం 200 అక్షరాల లోపు ఉంచండి. తెలుగులో గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. ఇలా ఉంటే సరిపోతుంది: ‘నమస్కారం. మీ డిజైన్‌లో వస్తున్న ఆసుపత్రి భవనం వివరాలు చూశాను. మేం బేస్‌మెంట్ వాటర్‌ప్రూఫింగ్ చేస్తాం. అటువంటి పనులకు మీ జాబితాలో చేరడానికి ఏ పత్రాలు పంపాలి?’ అడిగింది చిన్న ప్రశ్న, జవాబివ్వడం తేలిక. మొదటి సందేశంలోనే బ్రోచర్ అంటించకండి. జవాబు రాకపోతే పది రోజులాగి ఒకసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేయండి. టెండరు పిలిచాక పరిచయం మొదలుపెడితే ఆలస్యమే, ఎవరిని పిలవాలన్నది అప్పటికే తేలిపోయి ఉంటుంది. డిజైను దశలో ఉన్నవాళ్లనే వెతకండి.

జవాబు వచ్చిన రోజే పంపేలా ఒక పీడీఎఫ్ సిద్ధంగా ఉంచుకోండి: రిజిస్ట్రేషన్, బీమా, యంత్రాల జాబితా, పూర్తిచేసిన పనుల పట్టిక, వాటి విలువ, గడువు, అడిగి తెలుసుకోగల ఇద్దరి వివరాలు (వాళ్ల అనుమతితోనే). సైటులో నిలబడి ఫోన్‌లో తెరవాల్సి వస్తుంది కనుక ఫైలు బరువు తక్కువగా ఉండాలి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. ‘పంపాను కదా, ఎవరూ పలకరేం’ అనడానికి మామూలుగా కారణం ఇదే. గ్రూపుల్లో ప్రచారం చేయడం కంటే ఎవరైనా అడిగిన సందేహానికి అంకెలతో జవాబివ్వడం మేలు. క్యూరింగ్, క్యూబు పరీక్షల (కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే పరీక్షల) గురించి ధైర్యంగా చెప్పవచ్చు. ‘ఈ కాలమ్ తీసేయొచ్చా’ అన్నదానికి మాత్రం డ్రాయింగు చూడకుండా ఔననీ కాదనీ చెప్పకండి. ఆ స్క్రీన్‌షాట్ తర్వాత మీ మీదికే వస్తుంది.

పేరు, ఎలా పరిచయం, చివరిసారి ఏం మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు పలకరించాలి — ఈ నాలుగు గడులతో ఒక షీటు పెట్టుకోండి. లెక్కించాల్సింది లైకులు కావు, నెలలో కొటేషన్ ఎంతమంది అడిగారన్నది.

అవతలివాళ్లు నిజమేనా అన్నదీ చూడాలి. పెద్ద కంపెనీ పేరుతో వచ్చి ‘వెండర్ రిజిస్ట్రేషన్’కు (వాళ్ల పనివాళ్ల జాబితాలో పేరు నమోదుకు) ముందుగా డబ్బు కట్టమంటే అక్కడే ఆగండి. ఈమెయిల్ చిరునామా ఆ కంపెనీ వెబ్‌సైటుదేనా, ఒక్క అక్షరం తేడాగా ఉందా అని చూడండి. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, అందులోని నంబరుకు కాకుండా మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు పంపండి.