రైల్లో తాగి గొడవ చేసేవాణ్ణి దించడం ఎలా

రాత్రి రైలు ఎర్రగుంట్ల దాటాక ఎవరైనా తాగి గొడవ చేస్తే రైల్లో కాపలాకు వచ్చే ఎస్కార్ట్ సిబ్బంది ఇద్దరూ కలిసే వెళ్లాలి. మాట్లాడేది ఒక్కరే. రెండోవారు తలుపుకు అడ్డంగా నిలబడాలి, మనిషి తూలి పడేది అక్కడే. కాలర్ పట్టుకోవద్దు, పదిమందిలో పరువు పోయిందనుకుంటే మన సీమలో మాట చేతల్లోకి పోతుంది! "కూసోన్నా, నీళ్లు తాగు" అంటూ ముందు చేతిలో సీసా తీసేసుకోవాలి.

వినకపోతే 1989 రైల్వే చట్టం సెక్షన్ 145 కింద దింపేయవచ్చు. కోచ్, బెర్త్ నంబర్లు చెప్పి గుంతకల్లు స్టేషన్ పోలీసులకు ముందే కబురు పెట్టాలి. లేదంటే అక్కడి పోలీసులు ప్లాట్‌ఫాం ఒక కొసన, మీరింకో కొసన.

మత్తులో పడిపోతే వెల్లకిలా ఉంచకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకడ్డం పడుతుంది.