నడుస్తున్న ప్రోగ్రాంలోకి కొత్త భాగం – 4వ పాఠం: పేరు ఒకటే, టైపు వేరు

భీమవరం రొయ్యల కొనుగోలు లెక్కనే కొనసాగిద్దాం. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 40 కౌంట్ అంటే ఒక్కోటి సుమారు 25 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది గానీ, ఎంత పెరగాలన్నది కొనేవాళ్లను బట్టి మారుతుంది. అందుకే రేటు కట్టే పనిని విడదీసి 'రేటునియమం' అనే ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందం) రాసుకున్నాం. ఇప్పుడు కాటా దగ్గర ప్రోగ్రాం ఆపకుండానే కొత్త నియమాన్ని జావాలో లోడ్ చేయాలి.

జార్‌లు (కంపైలైన క్లాసులను కట్టిపెట్టిన ఫైళ్లు) మూడు: ఇంటర్‌ఫేస్ ఒక్కటే ఉన్నది, ప్రధాన ప్రోగ్రాం, ప్లగిన్ (కొత్త నియమం ఉన్నది). ప్లగిన్ జార్‌లో మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డరు పెట్టి, ఇంటర్‌ఫేస్ పూర్తి పేరుతో ఒక ఫైలు చేయండి. అందులో ప్లగిన్ క్లాసు పూర్తి పేరు ఒక్క వరుస. ఆ క్లాసుకు ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉండాలి. జార్ నుంచి క్లాసులు లోడ్ చేసే యూఆర్‌ఎల్‌క్లాస్‌లోడర్‌కు పేరెంట్‌గా (అది ముందు అడిగే లోడర్‌గా) ఇంటర్‌ఫేస్‌ను లోడ్ చేసిన లోడర్‌నే ఇవ్వండి. ప్లగిన్‌లను వెతికిచ్చే సర్వీస్‌లోడర్‌కు ఇంటర్‌ఫేస్‌నూ ఈ లోడర్‌నూ అందిస్తే కాస్ట్ అక్కర్లేకుండా రేటునియమమే చేతికొస్తుంది. అయితే లోడ్ అని పిలవగానే ఏ క్లాసూ తెరుచుకోదు, లూప్ తిప్పినప్పుడే. కాబట్టి తూకం మొదలవకముందే లూప్ మొత్తం తిప్పేయండి. తప్పుంటే సర్వీస్‌కాన్ఫిగరేషన్‌ఎర్రర్ అప్పుడే బయటపడుతుంది.

ఎక్కువమంది తలపట్టుకునేది 'నాట్ ఎ సబ్‌టైప్' అన్న సందేశం దగ్గర. సోర్సు తెరిస్తే ఇంప్లిమెంట్స్ ఎదురుగానే ఉంటుంది! జావా ప్రోగ్రాంను నడిపే జేవీఎం మాత్రం క్లాసును పేరుతో పాటు, దాన్ని లోడ్ చేసిన లోడర్‌తో కలిపి గుర్తిస్తుంది. ప్లగిన్ జార్‌లోకి ఇంటర్‌ఫేస్ కాపీ కూడా దూరిందంటే ప్రమాదమే. లోడర్ ముందు పేరెంట్‌నే అడిగినంతకాలం ఆ కాపీ జోలికి ఎవరూ పోరు, అంతా బాగున్నట్టే ఉంటుంది. తన జార్‌నే ముందు వెతికే లోడర్ కిందికి మార్చారంటే రేటునియమాలు రెండవుతాయి, పొసగవు. జార్ తయారుచేసే బిల్డ్ సాధనం మావెన్ అయితే ఇంటర్‌ఫేస్ డిపెండెన్సీకి ప్రొవైడెడ్ స్కోప్, గ్రేడిల్ అయితే కంపైల్‌ఓన్లీ పెడితే కాపీ రాదు.

లూప్ ముందే తిప్పి చేసే తనిఖీకి చిక్కనిది ఇంకొకటుంది. ఇంటర్‌ఫేస్‌కు కొత్త మెథడ్ చేర్చారనుకోండి. పాత ప్లగిన్ చక్కగా లోడ్ అవుతుంది, ఆ మెథడ్‌ను పిలిచాకే అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్‌ఎర్రర్ ఇస్తుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి డిఫాల్ట్ మెథడ్‌లు (ఇంటర్‌ఫేస్‌లోనే కోడ్ రాసి ఉంచేవి) ఉన్నాయి, చేర్చేది ఆ రూపంలోనే చేర్చండి.

అభ్యాసం: పేరెంట్‌గా నల్ ఇచ్చి, ఇంటర్‌ఫేస్ కాపీని ప్లగిన్ జార్‌లో పెట్టి నడపండి. రెండు రేటునియమాల గెట్‌క్లాస్‌లోడర్ విలువలు ప్రింట్ చేసి చూడండి. పాత ప్లగిన్‌ను దించడం, విండోస్‌లో జార్ ఫైలు డిలీట్ కాకపోవడం వచ్చే పాఠంలో.