కన్జర్వేషన్ ఏరియాలో పాత షాలేల కూల్చివేతకు అనుమతి: నా అనుభవం

ఇంగ్లండ్‌లో మా స్థలంలో ఉన్న పాత హాలిడే షాలేలు (సెలవుల్లో వచ్చి ఉండే చిన్న చెక్క ఇళ్లు) బాగుచేసే స్థితి దాటిపోయాయి. కిటికీ చట్రాన్ని వేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలేది. కానీ మా స్థలం ఉన్నది కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత స్వరూపాన్ని కాపాడాలని అధికారికంగా గుర్తించిన ప్రాంతంలో. బయటి కొలతలతో 115 ఘనపు మీటర్లు దాటిన కట్టడాన్ని ప్లానింగ్ పర్మిషన్ (స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి) లేకుండా కూల్చడం అక్కడ నేరం. 2013 అక్టోబరుకు ముందైతే దీనికి కన్జర్వేషన్ ఏరియా కన్సెంట్ అని వేరే అనుమతి ఉండేది.

'శిథిలమైంది' అన్న ఒక్క మాటతో పని జరగదు. ఆ ప్రాంతపు స్వరూపం చెడకుండా ఉంటుందా, ఇంకా మెరుగవుతుందా అన్నదే కౌన్సిల్ వాళ్లు చూసేది. అధికారి అభ్యంతరమూ అదే: కూల్చాక ఖాళీ జాగా మిగిలిపోతే ఎలా? అందుకని కూల్చివేతకీ కొత్త కట్టడానికీ కలిపి ఒకే దరఖాస్తు పెట్టాం. హెరిటేజ్ స్టేట్‌మెంట్‌లో (కట్టడం చరిత్ర, ప్రాముఖ్యం వివరించే నివేదికలో) ఏ గోడ అసలుది, ఏది తర్వాత అతికించింది అని ఫొటోలతో సహా చూపించాం. నా ఉద్దేశంలో మా పని గట్టెక్కింది దానివల్లే.

కట్టడంలో గబ్బిలాలు ఉంటున్నాయేమో చూసే సర్వే మాత్రం ముందే చూసుకోండి. అవి బయటికి వచ్చే వేళ చేసే సర్వే మే నుంచి సెప్టెంబరు లోపే కుదురుతుంది. ఆస్‌బెస్టాస్ (పాత కట్టడాల్లో వాడిన, ఆరోగ్యానికి హాని చేసే పదార్థం) ఉందేమో చూసే సర్వే కూడా తప్పదు.

కొత్త పనికి కాంట్రాక్టు కుదిరాకే పాతవి కూల్చాలని షరతు పెట్టారు. అది న్యాయమే.