గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఎలా వాడాలి?

2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడాలో, రీనోలో దిగడానికి వస్తున్న హాకర్ బిజినెస్ జెట్ ఒకటి సుమారు 16,000 అడుగుల ఎత్తులో ఒక గ్లైడర్‌ను (ఇంజిన్ లేకుండా గాలిలో తేలే విమానాన్ని) ఢీకొట్టింది. గ్లైడర్ రెక్కలోని దూలం ముక్క జెట్ ముక్కులో దిగబడింది. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకాడు. జెట్ చక్రాలు దిగక, కార్సన్ సిటీలో పొట్ట మీద వాలింది. అందరూ బతికారు. ఆ గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగితే కోడ్, ఎత్తు జవాబుగా పంపే పరికరం) ఉంది, కానీ రేడియోకు బ్యాటరీ మిగలాలని పైలట్ దాన్ని ఆపేశాడు.

అందుకే మొదటి పని బ్యాటరీ లెక్క. నేల మీదే ట్రాన్స్‌పాండర్, రేడియో, వేరియోమీటర్ (ఎంత వేగంగా పైకి, కిందికి వెళ్తున్నారో చూపేది) అన్నీ ఆన్ చేసి ఎంత కరెంటు లాగుతున్నాయో కొలవండి. మొత్తం 1 ఆంపియర్ అయితే 9 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద 9 గంటలు వస్తుంది. బ్యాటరీ పాతదై, పైన చలి కూడా తోడైతే నేను అందులో సగమే నమ్ముతాను. ఐదారు గంటలు ఎగరాలంటే రెండో బ్యాటరీ పెట్టుకోండి.

గ్లైడర్‌ను పైకి లాగే టో తాడు తగిలించకముందే గ్లైడర్ కింద ఉన్న యాంటెన్నాకు అంటిన మట్టి తుడవండి. అమెరికాలో గ్లైడర్ల ట్రాన్స్‌పాండర్ కోడ్ 1202, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ వేరే కోడ్ ఇస్తే తప్ప అదే పెట్టండి. అంకెలు మార్చేటప్పుడు 7500, 7600, 7700 మీదుగా పోకండి, అవి ఆపద కోడ్‌లు. తర్వాత నాబ్‌ను ‘ఆల్ట్’ దాకా తిప్పండి. ‘ఆన్’ దగ్గరే ఆపేస్తే కోడ్ వెళ్తుంది గానీ మీ ఎత్తు వెళ్లదు. తెర మీద కనిపించే ఎత్తు మీ ఆల్టిమీటర్‌తో సరిపోకపోయినా కంగారుపడకండి. ట్రాన్స్‌పాండర్ ఎప్పుడూ 29.92 అంగుళాల (పాదరసం) ప్రామాణిక పీడనం లెక్కన వచ్చే ఎత్తునే పంపుతుంది.

ఎదురుగా చూస్తే గ్లైడర్ సన్నటి తెల్ల గీత, అంతే. జెట్‌లోని టీకాస్ (వేరే విమానం ఢీకొనేలా ఉంటే పైలట్‌ను హెచ్చరించే పరికరం) ట్రాన్స్‌పాండర్ జవాబులనే వింటుంది, జవాబు లేకపోతే దాని లెక్కలో మీరు లేనట్టే. ఫ్లార్మ్ (గ్లైడర్లలో వాడే ఢీ హెచ్చరిక పరికరం) ఉందిగా అనుకోవద్దు. అది ఫ్లార్మ్ ఉన్న విమానాల మధ్య పనికొస్తుంది గానీ కంట్రోలర్ రాడార్‌కు జవాబివ్వదు. అమెరికా నిబంధనలు చాలాచోట్ల గ్లైడర్లకు ట్రాన్స్‌పాండర్ నుంచి మినహాయింపు ఇస్తున్నాయి. జెట్లు దిగే దారుల దగ్గర దయచేసి ఆ మినహాయింపు వాడుకోకండి.

వీలైతే అప్రోచ్ కంట్రోలర్‌ను రేడియోలో పిలిచి ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, ఎటు వెళ్తున్నారో చెప్పండి. రాడార్ తెర మీద మీ గుర్తును ప్రత్యేకంగా చూపించే ‘ఐడెంట్’ బటన్ ఆయన అడిగితేనే నొక్కండి. దిగాక, స్విచ్ ఆపకముందే బ్యాటరీ వోల్టేజీ రాసిపెట్టుకోండి. నాలుగైదు ఫ్లైట్లకు అది నిజంగా ఎన్ని గంటలు నిలుస్తుందో తేలిపోతుంది.