49వ అక్షాంశం మీద సర్వే రాళ్లు వెతకాలంటే

వాషింగ్టన్ రాష్ట్రంలో అమెరికా–కెనడా సరిహద్దు 49వ అక్షాంశమని మ్యాపులో ఉంటుంది. కొండల్లోకి వెళ్లాక మాత్రం అంకెను కాదు, రాయిని నమ్మాలి. 1857–61లో సర్వే చేసినవాళ్లు నక్షత్రాలు చూసి అక్షాంశం లెక్కకట్టి, దాని ప్రకారం హద్దు గుర్తులు పెట్టారు. నిలువు ఎటో తెలియడానికి మేస్త్రీ తూకం గుండులాగే భూమి ఆకర్షణే ఆధారం. పక్కన పెద్ద కొండ ఉంటే అది గుండును కాస్త అటు లాగుతుంది. కోణంలో ఒక్క సెకను (డిగ్రీలో 3600వ వంతు) తేడా వస్తే నేల మీద 31 మీటర్లు జరుగుతుంది. అందుకే ఫోన్‌లో సరిగ్గా 49.00000 కోసం నడిస్తే, రాయి వెనకబడి మీరు కెనడాలో తేలవచ్చు. చట్టప్రకారం హద్దు అంటే పక్కపక్క స్తంభాలను కలిపే సరళరేఖే.

మొదటిసారికి 78వ నంబరు స్తంభం మంచిది. హార్ట్స్ పాస్ నుంచి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ (మెక్సికో హద్దు నుంచి కెనడా హద్దు దాకా సాగే నడకదారి) మీద సుమారు 48 కిలోమీటర్లు, మళ్లీ అదే దారిలో వెనక్కి. అయిదు రోజుల తిండి పెట్టుకోండి. జులై మధ్యకు ముందు ఎత్తైన కనుమల్లో మంచు మిగిలే ఉంటుంది. కాజిల్ పాస్ నుంచి చివరి ఆరున్నర కిలోమీటర్లు దిగుడే, తిరుగు ప్రయాణంలో అదంతా ఎక్కాలి. ఆ రోజుకు ఓపిక దాచుకోండి.

ఈ దారిన కెనడాలోకి వెళ్లడానికి ఇచ్చే అనుమతిని ఆ దేశం 2025 జనవరిలో ఆపేసింది. అటునుంచి అమెరికాలోకి రావడం ఎప్పుడూ చట్టవిరుద్ధమే. చెట్లు కొట్టి ఉంచిన బాట వెడల్పు 6 మీటర్లు, అందులో అమెరికావైపు 3 మాత్రమే. వీసా మీద ఉన్న మనవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు పత్రం) ప్రింటు తడవకుండా కవర్లో పెట్టుకోవాలి. ఫొటో కోసం కూడా అటు అడుగు వేయకండి.

దారిపక్క కొండల మీద ఉండే పాత సర్వే బిళ్లలకు (కొలతల గుర్తుగా బిగించిన లోహపు బిళ్లలు) వేరే పద్ధతి. అమెరికా జాతీయ జియోడెటిక్ సర్వే సంస్థ ఒక్కో బిళ్లకు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో "అడ్జస్టెడ్" అని ఉంటే కోఆర్డినేట్లు నమ్మవచ్చు. "స్కేల్డ్" అంటే మ్యాపు మీద కొలిచి తీసినవి, వందమీటర్లకు పైగా తప్పవచ్చు. పాత కాగితపు మ్యాపు 1927 డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే పాత ప్రమాణంలో) ఉంటే, జీపీఎస్‌తో పోల్చినప్పుడు ఇక్కడ దాదాపు 100 మీటర్లు తేడా వస్తుంది.

బిళ్ల కంచుదో ఇత్తడిదో, అరచేతిలో పట్టేంత, దాదాపు 9 సెంటీమీటర్లు. మధ్యలో త్రిభుజం ఉంటే అదే అసలు స్టేషన్. బాణం ఉంటే అది సాక్షి బిళ్ల, బాణం చూపేవైపు స్టేషన్ ఉంటుంది. దూరం డేటాషీట్‌లో ఉంటుంది. 30 మీటర్ల టేపు, దిక్సూచి తీసుకెళ్లండి. ఇక్కడ దిక్సూచి ఉత్తరం అసలు ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుకు ఉంటుంది. సరిచేయకపోతే 30 మీటర్లకు 8 మీటర్లు పక్కకు పోతారు. స్టేషన్ కనబడకపోతే రెండు సాక్షి బిళ్లల నుంచి టేపుతో చాపాలు గీయండి. అవి కలిసేచోట ఆకులు, నాచు చేత్తో తప్పించి చూడండి.

అక్షరాలు అరిగి ఉంటే కాసిని నీళ్లు పోసి, టార్చిని నేలకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. అంకెల అంచుల్లో నీడ పడి చదవడానికి వస్తుంది. తీగబ్రష్‌తో గీకితే మిగిలిందీ పోతుంది. సర్వే గుర్తును పాడుచేయడం ఫెడరల్ నేరం కూడా. తీసిన నాచు మళ్లీ కప్పి రండి.